ముల్లు ఇంక ఊగుతాంది

“తాతా, గీ ముల్లున్న డబ్బ నువ్వే చేసినవా? ఫోన్ల రికార్డు పెట్టిన, చెప్పు.”

నేనే చేసిన బిడ్డా. మరి కొన్నదనుకున్నవా? పై రేకు జూడు, అది బిస్కిట్ డబ్బ. ముల్లేమో చెడిపోయిన టేప్ రికార్డర్ల కెల్లి తీసింది. పాట జోరుగొస్తె లేస్తుండె, గదే ముల్లు. నువ్వు టేప్ రికార్డర్ ఏడ జూసినవ్ తియ్యి. దీని ముచ్చట చెప్పాలంటె ముందు మా బావ ముచ్చట చెప్పాలె.

మా అక్కను అచ్చంపేటకు ఇచ్చిన్రు గద. నర్సిమ్మ బావకు ఆడ బస్టాండు కాడ రేడియోలు బాగుచేసే దుకాణం ఉండె. నేను గీడ నల్గొండల టెలిఫోన్ల కొలువు చేస్తుంటి గని, నాకు వైరు అతికించుడు నేర్పింది ఆయననే. సెలవు దొరికిందంటె బస్సెక్కి ఆయన కాడికే. దేవరకొండ మీదికెల్లి పోవాలె. నడుమ డిండి కాడ బస్సాపితె ఏంచిన చేపలు అమ్ముతుండె, రూపాయికి పొట్లం. ఆగు, రూపాయి గాదు, రెండు రూపాయలు. ఏదో ఒకటి. ఏం చెప్తున్న? ఆఁ, బావ.

రేడియో లోపల చిన్న చిన్న రేకు డబ్బీలుంటయి. వాటి నెత్తిన మర ఉంటది. జర తిప్పితె స్టేషన్ మంచిగొస్తది, ఎక్కువ తిప్పితె పోతది. దానికి వేరే మిషన్లుంటయి గని, బావ కాడ ఏ మిషనూ లేకుండె. రేడియోను చెవికాడ పెట్టుకొని, కండ్లు మూసుకొని తిప్పుతుండె. గంతే, గొంతు గంట లెక్క వస్తుండె. గొర్లు కాసెటోళ్లు రేడియో భుజానికేసుకొని అడివిల తిరుగుతరు గద, వాళ్లంత ఆయన కాడికే వస్తుండె. నాకు ఆయన చెవి అంటె కుళ్లు, నిజం చెప్తున్న.

మన తెలంగాణ వచ్చినంక, ఇగ అందరి చేతుల ఫోన్లే. దుకాణం కిరాయి దండుగని బావ సామానంత ఇంటి అర్రలకు తెచ్చుకున్నడు. అడపాదడపా ఎవరన్న ఓ రేడియో తెస్తుండె. గదే ఆయనకు పానం. గంతల ఏమైంది, చెవులు పోవుడు షురువైంది. ఒప్పుకుంటడా? “నువ్వు నోట్ల నోట్ల గొణుగుతవ్” అని అక్కను తిడుతుండె. నాతోని ఫోన్ల మాట్లాడితె లైన్ బాగలేదని పెట్టేస్తుండె. టెలిఫోన్ల చేసినోన్ని, నాకు తెల్వదా లైన్ ముచ్చట?

ఓసారి గొర్లు కాసే ఒకాయన రేడియోను బావ బాగుచేసిచ్చిండు. అది వాపస్ వచ్చింది. మళ్ల చేసిండు, మళ్ల వచ్చింది. ఆ గొర్లాయన ఇగ దాన్ని బల్ల మీదనే ఇడిచిపెట్టి పోయిండట. ఆ దినమే బావ సామాను మీద దుప్పటి కప్పిండు. అక్క నాకు ఫోన్ చేసింది. “తమ్మీ, మీ బావ గోడ దిక్కు మొఖం పెట్టి కూసుంటుండు, బువ్వ సుత తింటలేడు, ఏమన్న చెయ్యి” అన్నది. నేను ఊకుంటనా బిడ్డా? నాకు ఇద్య చెప్పినోడు గద.

చెవితోని గాకపాయె, కన్నుతోని చేస్తడు అనుకున్న. గట్లనే గీ ముల్లు డబ్బ పుట్టింది. రేడియోకు కలిపితె సిగ్నల్ ఎంత వస్తాందో ముల్లు లేచి చెప్తది. దాంట్ల ఒక పాత రకం డయోడ్ వెయ్యాలె, గాజుది, బియ్యపు గింజంత. నల్గొండంత తిరిగితె దొరకలే. ఆఖరికి మీ అవ్వ పెండ్లిల తెచ్చుకున్న రేడియో ఇప్పి తీసిన. మీ అవ్వ నాతోని వారం మాట్లాడలే.

ముల్లుకు సిగ్నల్ ఇచ్చేటందుకు ఇంకోటి గావాలె, సిగ్నల్ జనరేటర్. అంటె మన సొంత స్టేషన్ అనుకో, డయల్ మీద ఏ నంబర్ పెడితె గా నంబర్ల సిగ్నల్ ఇస్తది. హైదరాబాదుల ఆదివారం అంగడిల పాతది పట్టుకొచ్చిన. ఇప్పి చూస్తె లోపల ఎలుకలు కాపురం పెట్టినయ్. వైర్లన్ని కొరికినయ్, ఒక కాయిల్ మొత్తం పోయింది. సన్నటి తీగతోని కాయిల్ మళ్ల చుట్టిన. పని జేసింది గని, డయల్ మీద నంబర్ ఒకటి, లోపలి సిగ్నల్ ఒకటి. పొంతన లేదు.

రెండు డబ్బలు ఒళ్లె పెట్టుకొని బస్సెక్కిన. బావకు చెవుల ముచ్చట ఎత్తలే, ఎత్తితె తంతడు. జనరేటర్ ముందల పెట్టి, “డయల్ తప్పు చూపిస్తాంది బావా, నాతోని అయితలేదు” అని చెవికాడ మొత్తుకున్న. దాన్ని అటిటు తిప్పి చూసిండు. లేచి దుప్పటి తీసిండు.

డయల్ సరిచేసుడు ఎట్లంటె, రేడియోల నంబర్ తెలిసిన స్టేషన్ పెట్టాలె. మన జనరేటర్ను దాని దగ్గరికి తేవాలె. రెండు కలిస్తె కూ అని ఈల వస్తది. దగ్గరికైన కొద్ది ఈల లావైతది, బొంగురైతది, లాస్టుకు ఆగిపోతది. ఆగితె రెండు ఒకటైనట్టు. మరి ఇదంత చెవి పనే గద. అందుకే నేను వింటున్న, ముల్లు డబ్బ రేడియోకు కలిపి బావ ముందల పెట్టిన. ఈల ఆగింది. “అయిపోయింది బావా” అని చెయ్యి ఊపిన.

బావ తల ఊపిండు, కాలేదని.

“నీ చెవికి అయిపోయింది. ముల్లు ఇంక ఊగుతాంది, చూడు” అన్నడు.

వంగి చూసిన. నిజమే, ముల్లు మెల్లగ ఇటు అటు ఊగుతాంది. రెండిటికి ఇంక జర తేడా ఉన్నది. అంత సన్న తేడా మనిషి చెవికి అందదు బిడ్డా, ఎంత మంచి చెవైనా అందదు. బావ జనరేటర్ గుండీ మీద ఏలు ఆనిచ్చిండు, తిప్పినట్టు సుత కనిపియ్యలే. ముల్లు ఊగుడు తగ్గింది, తగ్గింది, నిలబడ్డది. ఆయన పాత చెవి సుత గంత చక్కగ పట్టకపోతుండె. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్, వైర్లు అతికించే సోల్డర్ పొగ అని చెప్పిన.

ఇగ ఆగుతడా? ఒక్కొక్క స్టేషన్ పట్టుడు, డయల్ మీద పెన్సిలుతోని గీత గీసుడు. పొద్దు ఎటు పోయిందో తెల్వలే. అక్క వంటింట్ల కెల్లి ఏదో అంటనే ఉన్నది. శానసేపటి సంది అంటనే ఉన్నది, నాకు ఇనవడ్తనే ఉన్నది గని నేను లేస్తె బావ ఆగిపోతడని లేవలే.

గప్పుడు అక్క గంటె పట్టుకొని కడప కాడికొచ్చింది. ఆమె నోరు ఆడుడు చూసి బావ పెన్సిల్ కింద పెట్టి అక్క దిక్కు తిరిగిండు. ఎన్నేండ్ల సంది ఎవ్వరితోని అనని మాట అన్నడు.

“జర దగ్గరికొచ్చి చెప్పు. నాకు ఇనవడ్తలేదు.”

అక్క చేతిల గంటె అట్లనే ఉన్నది. బావ తిట్టిన దినాలన్ని యాదికొచ్చి ఒకటి అంటదనుకున్న. గంటె ఆడ పెట్టేసింది. వచ్చి ఆయన పక్కకు కూసొని, చెవికి నోరు ఆనిచ్చి, మెల్లగనే చెప్పింది.

“బువ్వ సల్లారుతాంది, తిందాం రా అంటున్న.”

తిన్నడు. రెండుసార్లు పెట్టిచ్చుకొని తిన్నడు. మర్నాడు నేనే దవాఖానకు తోల్కపోయి చెవి మిషన్ పెట్టిచ్చిన, ఏం కయ్యం పెట్టుకోలే. బావ పోయినంక డబ్బ అక్కనే నాకు పంపింది. ఇగ నా చెవులు సుత... సరే, బంద్ జెయ్యి నీ ఫోను. మంచిగుండు బిడ్డా. నీకు ఇనవడకపోతె దగ్గరికొచ్చి చెప్పేటోళ్లు నీకెప్పుడు ఉండాలె.