అరవని బండి

(మర్రిపాడు దగ్గర ఒక పల్లె. మధ్యాహ్నం భోజనాలయి చాలాసేపయింది. వాకిట్లో స్టాండు వేసిన మోటార్ సైకిలు. దాని ముందు కోటేశ్వర్, అతని భార్య అశ్విత. అరుగు మీద అతని తండ్రి నారాయణయ్య.)

"అట్టా లాగబాకయ్యా, నట్టు అరిగిపోతాది. వీడియోలో ఆయన మెల్లగా, మెల్లగా అని మొత్తుకుంటా ఉండాడు."

"ఆయనకేం, చెప్తాడు. ఆయన బండి కడిగిన గిన్నె మాదిరి ఉండాది. సోమశిల బురదంతా మన బండికే ఉండాది. అశ్వితా, మొదటినుంచి పెట్టు ఇంకోతూరి."

"పొద్దన్నించీ మొదటినుంచే పెడతా ఉండా. పానా పట్టుకోవడం కూడా నిన్ననే నేర్చుకుంటివి. మెకానిక్ మస్తానయ్య చుట్టాల పెండ్లి చూసుకోని వచ్చినాక ఆయనకే చూపిద్దామంటే వినవు."

"ఆయన వచ్చేదాకా ఆగేదానికి లేదు. రేపు నిన్ను ఆత్మకూరు ఆస్పత్రికి తీసకపోవద్దా?"

"ఆటోలో పోతాలే."

"ఆ గతుకుల్లో ఆటోనా? కడుపుతో ఉండే మనిషివి. లేదులే, ఈ పొద్దే ఆయిలు లీకు ఆపతా. ఆపకుండా నిన్ను దీని మీద ఎక్కించుకునేదానికి నాకు ధైర్యం చాలదు."

"ధైర్యం చాలనంత ఏమయింది? మొన్న గొర్రెలు అడ్డం వచ్చినాయి, పక్కకు తిప్పినా, చెయ్యి గీసుకుందని చెప్తివే?"

"సగం చెప్పినా."

"ఏంది సగం?"

"అరవను అంటే చెప్తా."

"అరవన్లే, చెప్పు ముందు."

"నేను తిప్పలా. ముందర బ్రేకు పట్టినా అశ్వితా. గట్టిగా పట్టినా. పట్టలా. తడి సబ్బు మాదిరి జారిపోయింది. కంపచెట్లు అడ్డం ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే కింద కాలవలో ఉండేవాణ్ణి. లేచి చూస్తే ముందర చక్రం నిండా నల్లగా ఆయిలు."

"ఇంత జరిగితే చెయ్యి గీసుకుందని చెప్తావా నువ్వు? నీకు నోరెట్టా వచ్చిందయ్యా?"

"అరవనంటివి గదా."

"కోటీ, ఆయిలు ముందర చక్రం దగ్గరేనా?"

"ఆడే నాయనా. నువ్వు లేచినావా? పడుకో కాసేపు."

"పడుకోలా. ఊరికే అడిగినా."

"అశ్వితా, ఆ పౌడరు తే."

"ఏం పౌడరు?"

"హర్షగాడి పౌడరు డబ్బా అక్క మర్చిపోయి పోయింది గదా, అది. ఇంజినంతా తుడిచి పౌడరు చల్లి, స్టార్ట్ చేసి పెడితే లీకు ఉండే కాడ తడుస్తాదంట. ఆయన చెప్పినాడు."

"బిడ్డ పౌడరు బండికి చల్లతావా? వదినకు తెలిస్తే నవ్వి చస్తాది. ఇంద."

"వాళ్లు బద్వేలు చేరింటారా?"

"యాడ చేరతారు, అన్నాలు తిని కబుర్లు చెప్పుకుంటా కూర్చుంటిరి గదా. ఇప్పుడు కొండ కనుమలో ఉంటారు. హర్షగాణ్ణి ముందర ట్యాంకు మీద కూర్చోబెట్టినాడు అన్న, వద్దన్నా వినకుండా. వాడేమో హారను కొట్టుకుంటా పోయినాడు."

"బావ బండి చూస్తివా? నిన్న వచ్చేటప్పుడు నా బండి కన్నా అన్యాయంగా కీచుమంటా ఉన్నింది. ఈ పొద్దు పోయేటప్పుడు సప్పుడే లేదు. వెన్న మాదిరి పోయింది."

"ఆయన బండిని బాగా చూసుకుంటాడు. నువ్వూ ఉండావు."

"సరే సరే. స్టార్ట్ చేస్తా ఉండా, దూరం జరుగు."

"ఎంతసేపయ్యా? పొగంతా ఇంట్లోకి పోతా ఉండాది."

"ఇంకాసేపు. చూడు, కింద తడిసిందా?"

"లేదు."

"పక్కన?"

"యాడా తడవలా. ఇంజినంతా ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా ఉండాది. ఆపు ఇంక."

"మరి ఆయిలు యాడినుంచి వస్తా ఉండాది? కింద నట్టుకు నిన్న కొత్త వాషరు వేసినా. ఆడ పొడిగా ఉండాది. మూత కాడ పొడిగా ఉండాది."

"ముందర రెండు గొట్టాలు ఉండాయి గదా, వాటిల్లో కూడా ఆయిలు ఉంటాదంట. సీలు పోతే కారతాదంట. ఇదిగో, చూపిస్తా ఉండాడు."

"గుడ్డ ఇటియ్యి. ...పొడిగా ఉండాయే."

"రెండోది?"

"అదీ పొడే."

"పైనుంచి కారితే చార ఉండాల గదయ్యా. యాడా చార లేదు. ఆయిలంతా ఈ పళ్లెం మీదే ఉండాది, రెండు పక్కలా."

"డిస్కు అంటారు దాన్ని."

"మామ పళ్లెం అంటాడు, అదే నోట్లోకి వచ్చింది. ఏమయ్యా, ఇది వాసన చూడు."

"ఇంజిన్ ఆయిలు వాసన నేను చూడందా?"

"చూడు ముందు. ఆముదం వాసన వస్తా ఉండాది."

"కడుపుతో ఉండేవాళ్లకి అన్నీ ఆముదం వాసనే వస్తాయి."

"ఎగతాళి చాల్లే. వేళ్ల మధ్య పెట్టి రుద్దు. గరగరమంటా ఉండాది. మసి మాదిరి."

"నల్లగా ఉంటే పాత ఆయిలని ఆయనే చెప్పినాడు గదా. పాతదయితే గరుకుగానే ఉంటాది."

"అశ్వితా, మీ వదిన మధు ఫోన్ చేసిందా?"

"లేదు మామా. నేనే ఇందాక చేసినా. అందుబాటులో లేరంటా ఉండాది. కనుమలో సిగ్నల్ యాడ ఉంటాది?"

"ఇంకోతూరి చెయ్యి."

"ఇప్పుడే గదా చేసినా."

"చెయ్యమ్మా. అల్లుడికి చెయ్యి."

"చేస్తా ఉండా... అదే మామా. అందుబాటులో లేరంట."

"కొండ మీద మబ్బు పట్టింది కోటీ. ఆడ వాన పడతా ఉంటాది."

"పడితే యాడో చెట్టు కింద ఆగతారు. బావ చిన్నపిల్లోడా? ఆ పానా అందియ్యి నాయనా, నీ కాళ్ల కాడ ఉండాది."

"ఇంద. కోటీ, ఆ పళ్లేనికి ఆయిలు అంటితే ఏమవతాది?"

"ఏమవతాదని మొన్నటి కథ ఇప్పుడే చెప్పినా గదా."

"సరిగ్గా ఇనలా. చెప్పు."

"చూడు. నీ ఎడ్లబండికి చక్రం బాగా తిరగాల, దానికి ఆయిలు మంచిది. ఈ పళ్లెం ఉండేది తిరిగేదానికి కాదు నాయనా, ఆపేదానికి. చెయ్యి బిగిస్తే ఈ బిళ్లలు రెండు పక్కలా వచ్చి పళ్లేన్ని పట్టుకుంటాయి. ఎండుగా ఉంటేనే పట్టు. చుక్క ఆయిలు తగిలినా పట్టు పోతాది."

"నడిపేవానికి తెలస్తాది గదా? ముందే తెలస్తాది గదా?"

"తెలీదు. అదే నా ఏడుపు. చదునుగా ఉండే రోడ్డు మీద వెనక బ్రేకుతోనే నెట్టుకొస్తాం. దిగుడులోనే ముందరది గట్టిగా పడతాం. అప్పుడు తెలస్తాది, లేదని."

"వెనకదాంతో ఆపలేరా?"

"ఒక్కడే ఉంటే ఆపతాడేమో. ఇద్దరూ ముగ్గురూ కూర్చోని దిగతా ఉంటే యాడ ఆగతాది?"

"వాన గూడా పడితే?"

"నాయనా, ఏంది ఈ పొద్దు? మస్తానయ్య దగ్గర పనికి చేరతావా?"

"ఊరికే అడిగినారా."

"మామా, నీకు చెమటలు పడతా ఉండాయి. ఇంద, నీళ్లు తాగు."

"వద్దమ్మా."

"తాగు. గ్లాసు పట్టుకో. అయ్యో, నీ గోళ్లల్లో ఏంది ఈ నలుపు?"

"ఏంలేదు."

"ఏంలేదు కాదు. ఇట్టాంటిదే కొట్టంలో మేత వేసే గాటిపాట పక్కన కొబ్బరిచిప్పలో చూసినా నేను. నల్లగా, చిక్కగా ఉండాది. గొర్రెల పుండ్లకు మందేమో అనుకున్నా. ఏంది మామా అది?"

"నాయనా, అడగతా ఉండాది గదా. ఏందది?"

"కందెన."

"ఏం కందెన?"

"బండి ఇరుసుకు వేసేది. ఆముదంలో వరిగడ్డి మసి కలిపి చేస్తాం."

"మనకు ఎడ్లబండి యాడుండాది ఇప్పుడు? అది పోయి ఎన్నేండ్లయింది? ...నాయనా. దీనికి వేసినావా?"

"అరస్తా ఉన్నిందిరా."

"దీనికి వేసినావా లేదా?"

"వేసినా. కీచు కీచుమని ఒకటే అరుపు. నువ్వు వీధి మొదట్లో ఉంటే ఈడికి ఇనపడతా ఉన్నింది. మా కాలంలో బండి అరిస్తే బండివాడు సోమరిపోతని నవ్వేవాళ్లు. నువ్వేమో పట్టించుకోకపోతివి. యాడినుంచి అరస్తా ఉండాదో చెవి పెట్టి చూస్తే ఆ పళ్లెం కాడ. అందుకని నేనే ఈకతో రెండు పక్కలా పూసినా. వెంటనే ఆగిపోయింది అరుపు."

"ఆగకేం చేస్తాది? నా పేణం గూడా దాంతో పాటు ఆగిపోయేదే. నన్ను అడగొద్దా? ఒక్క మాట అడగొద్దా నాయనా?"

"అడిగితే అరస్తావు. పోయినేడు బండి కడిగితే, ఇంజిన్లోకి నీళ్లు పోసినావని వీధిలో నిలబెట్టి అరిస్తివి."

"మరి మొన్న నేను మోచెయ్యి దోక్కోని వస్తే అప్పుడు చెప్పొద్దా?"

"గొర్రెలు అడ్డం వచ్చినాయని చెప్తివి నువ్వు. దీనివల్ల అని నాకేం తెలుసు? ఇప్పుడు నువ్వు చెప్తే తెలిసింది."

"అరవబాకయ్యా. ముసలాయన్ని ఏందా అరుపు. నువ్వు సగం చెప్పినావు, ఆయన అసలే చెప్పలా. ఇద్దరూ ఇద్దరే."

"అరవకుండా ఎట్టుండేది? రెండు దినాలు బండిని పండబెట్టి, నట్లన్నీ విప్పి, బిడ్డ పౌడరు చల్లి, లేని లీకును ఎతకతా ఉండా నేను."

"లీకు లేదని సంతోషపడు. ఇంజిను బాగుండాది గదా."

"ఆఁ, బాగుండాది. ఆముదం ఇంజినులోనుంచి వస్తా ఉండాదనుకున్నా. మస్తానయ్యకు చెప్పబాకండి ఎవురూ. ఆత్మకూరు బస్టాండు దాకా చెప్పుకోని నవ్వతాడు."

"నవ్వినావు గదా, చాలు. మామా, చూడు, నవ్వతా ఉండాడు. నువ్వూ నీళ్లు తాగు."

"నాయనా, పోనీలే. పెట్రోలుతో తుడిచి, బిళ్లలు కొత్తవి వేపిస్తే సరిపోతాది. నాకేం కాలా గదా. ఏంది అట్టా కూర్చున్నావు?"

"మీ అమ్మను దుత్తలూరు నుంచి కాపరానికి తెచ్చిన దినం మా నాయన ఇరుసుకు రెండు తూర్లు వేసినాడు కందెన."

"ఇప్పుడెందుకు అదంతా?"

"చెప్పనీయయ్యా. ఎందుకు మామా రెండు తూర్లు?"

"ఆడబిడ్డ ఎక్కిన బండి అరవకూడదమ్మా. అరిస్తే ఏడ్చుకుంటా పోయినట్టు. కీడు. అందుకని మామూలుగా ఒక తూరి వేస్తే, ఆడబిడ్డ ఎక్కే దినం రెండు తూర్లు వేస్తారు. మా ఇంట్లో అదే పద్ధతి."

"నన్ను ఆస్పత్రికి తీసకపోతాడనా మామా దీనికి వేసినావు? అంత ప్రేమ ఉండేది నాతో చెప్పొద్దా? ఏడవబాక మామా. ఏంది ఇది, ఏమయిందని?"

"మధుకు ఫోన్ చెయ్యమ్మా."

"చేస్తా ఉండా మామా. అదే మాట చెప్తా ఉండాది."

"కలిసిందాకా చెయ్యి. కోటీ, మీ బావ యాడిదాకా పోయింటాడు? కనుమ దిగింటాడా? ఎక్కతా ఉంటాడా?"

"ఎక్కేసింటాడు. దిగతా ఉంటాడు ఇప్పుడు. సిగ్నల్ రాంగానే అక్కే చేస్తాది. నేను గూడా బావను అడగాల, నిన్న అంత కీచుమనే బండి ఈ పొద్దు సప్పుడు లేకుండా ఎట్టా..."

"ఏమయ్యా, ఏమయింది? ఎందుకు లేచినావు? యాడికి?"

"నాయనా."

"ఫోన్ కలిసిందేమో చూడరా."

"నాయనా, బావ బండి ఎందుకు అరవలా?"

"మధు ఎక్కే బండి గదరా కోటీ. రెండు తూర్లు వేసినా."