ముసలి గద్ద ఎక్కిన లిఫ్టు

నా ఘనకార్యం నాకు మొట్టమొదట చెప్పింది మా పెద్దమేస్త్రీ. నీ సంగతి నీకు ఇంకొకరు చెప్పడమేంటని నవ్వకండి. అది జరుగుతున్నప్పుడు నేను కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాను. ఆ వేగానికి ఎవరైనా మూసుకుంటారు.

నిన్న సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆ మాట ఎందుకెత్తానంటే, మా మేనకోడలు మొహం వేలాడేసుకుని వచ్చి కూర్చుంది. దానిదీ నా పనే, లిఫ్టులు బిగించడం. చేరి రెండు నెలలు కాలేదు. మోటారుకి రెండు వైర్లు అటుదిటు ఇటుదటు బిగించిందట. పైకి నొక్కితే లిఫ్టు కిందికి పోయిందట. సూపర్‌వైజర్ అందరి ముందూ కడిగిపారేశాడట.

"రేపట్నుంచి వెళ్ళను మామయ్యా. నాతో చదివినవాళ్ళంతా సెటిలైపోయారు. నాకు ఇరవైమూడొచ్చినా రెండు వైర్లు బిగించడం చేతకాలేదు."

పిల్లకి ధైర్యం చెప్పాలి గదా. నాకు అక్షరాలు తక్కువేమో గానీ అనుభవం తక్కువ కాదు.

"ఇటు చూడవే. ఇరవైల్లో ఉన్నవాళ్ళు మొదటిరోజే అదరగొట్టాలి. నీ వయసులో నేను ఏడంతస్తుల మేడలో లిఫ్టు ఒంటిచేత్తో బిగించాను. రెండో చెయ్యి జేబులోంచి తియ్యనే లేదు. లోపలికెక్కి పైకి నొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది లేచిన లేవడం ఎలా లేచిందంటే, నేను ఏడో అంతస్తులో ఉన్నాను, నా చెప్పులు ఇంకా కిందే ఉన్నాయి!"

"మరి ఆగిందా?" అన్నాడు టీ కొట్టాయన.

"నేను బిగించింది ఆగుతుందా? పైకప్పు చీల్చుకుని ఇంకో మూడంతస్తులు పోయి గాల్లో నిలబడింది. ఓనరు కిందినుంచి చూసి, లిఫ్టు వెళ్ళాక మేడ వెళ్ళకపోతే ఏం బాగుంటుందని అక్కడిదాకా గదులు కట్టించాడు. నేను ఊరుకున్నానా? మళ్ళీ నొక్కాను. మబ్బుల్లో ఓ గద్ద ఎక్కింది."

"గద్దకి లిఫ్టెందుకు?"

"ముసలిదయ్యా, పాపం. రెక్కల నొప్పులు. బజారు దగ్గర దింపు నాయనా అంది."

మేనకోడలు నవ్వలేదు. నా మాటలు పైకి పోయేకొద్దీ దాని తల కిందికి దిగింది. సంచిలోంచి కంపెనీ హెల్మెట్ తీసి నా ఒళ్ళో పెట్టింది.

"అందుకే మామయ్యా, నీకూ నాకూ పోలికే లేదు. ఇది రేపు నువ్వే వెళ్ళి ఇచ్చేసిరా. నేను వాళ్ళకి మొహం చూపించలేను."

నేను తిరిగివ్వబోతే అది చెయ్యి చాపలేదు.

అప్పుడు పక్క బల్లమీద పొట్టోడు గ్లాసు కింద పెట్టాడు. వాడూ నేనూ ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాం. ఓసారి నా టెస్టరు తీసుకెళ్ళి మొన వంచి తెచ్చిచ్చాడు. అప్పట్నుంచీ వాడితో నాకు మాటల్లేవు.

"అమ్మాయ్, మీ మామయ్యా పైకే నొక్కాడు. లిఫ్టు కిందికే పోయింది. అచ్చం నువ్వు మార్చిన వైర్లే. అడుగున గుంతనిండా వాననీళ్ళు. కళ్ళు మూసుకుని అమ్మా అమ్మా అని ఒకటే ఏడుపు. నేనే చెయ్యిచ్చి లాగాను. మోకాళ్ళదాకా తడిసిపోయాడు."

"మరి చెప్పులు?" టీ కొట్టాయనకి ఆ బెంగ తీరలేదు.

"నీళ్ళలో తేలాయి. వాటిని చేత్తో పట్టుకుని, ఇంక ఈ పనికి రానంటూ గేటుదాకా పోయాడు. పెద్దమేస్త్రీ వెనకాలే వెళ్ళి, 'పోతే పో. పోయేముందు ఆ రెండు వైర్లూ నువ్వే మార్చి పో' అన్నాడు. మార్చాడు. లిఫ్టు పైకెళ్ళింది. దాంతోపాటు మీ మామయ్యా వెళ్ళాడు. రిటైరయ్యేదాకా దిగలేదు."

మేనకోడలు నావైపు చూసింది. నేను గ్లాసులోకి చూశాను.

"నువ్వు కూడానా మామయ్యా?" అని ఇంత పెద్ద ఊపిరి వదిలింది. ఆ తర్వాత మొదలైంది నవ్వు. టీ కొట్టాయన గ్లాసులు పట్టుకోవాల్సి వచ్చింది. నా ఒళ్ళోంచి హెల్మెట్ లాక్కుని నెత్తిన పెట్టుకుని, సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి, "సార్, పొద్దున్నే వచ్చి ఆ వైర్లు నేనే మారుస్తాను. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వకండి" అంది.

నాకూ ప్రాణం కుదుటపడింది, కాదనను. గద్ద సంగతి కూడా నేను పట్టుబట్టను. కానీ నీళ్ళు మోకాళ్ళదాకా లేవు. చీలమండలదాకానే. ఆ పొట్టోడు ఎక్కడ చెప్పినా మోకాళ్ళంటాడు. ఎవరైనా వాడికి చెప్పి ఆ ముక్క సరిచేయించండి. నేను చెప్పను. వాడితో నాకు మాటల్లేవు.