కొమ్ములు చూసిన దొర

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు. దొర మందలోని పుట్టు లోపాలు రాసుకోవడానికి మర్రిగూడ వచ్చిన పశువుల డాక్టరు, గొర్రెలు కాసే బాలవ్వను గడికి పిలిపించాడు. ఆమె ఒక గొర్రెపిల్ల నోరు తెరిచి చూసి నవ్వింది.

“వంకర దవడ. గిది తండ్రి దిక్కు నుంచి వచ్చింది సారూ.”

“పదకొండు పిల్లలకున్నది అవ్వా. మరి నీ మందల?”

“ఒక్కదానికి లేదు. గసోంటి పొట్టేలును మేం మందల ఉంచం.”

“దొర మందలకు ఎట్లొచ్చింది?”

“నా పొట్టేలే. కోతకు అమ్ముదామని పక్కకు కట్టేసిన. కొమ్ములు మంచిగున్నయని దొర మనుషులు గుంజుకపోయిండ్రు.”

“దవడ సంగతి చెప్పలేదా?”

బాలవ్వ గొంగడి భుజాన సర్దుకుంది.

“నన్నెవరడిగిండ్రు? అడిగితే దాని ఏడు తరాలు చెప్పేదాన్ని. మీరడిగిండ్రు, రాసుకోండ్రి.”