పక్కన కూర్చున్నంతసేపూ

"పొద్దు వాలింది, వత్తి వెయ్యి తల్లీ."

"నాన్నా, నేను చెప్పింది విన్నావా?"

"విన్నా. ఆ నూనె సీసా ఇలా అందుకో."

"ఏం విన్నావు?"

"రేపు మీ అమ్మ దగ్గరికి వెళ్తానన్నావు. వెళ్లు. ఓ వారం ఉండి రా."

"వారం కాదు. ఇక అక్కడే ఉంటా. కాలేజీలో కూడా అక్కడే చేరతా."

ముందు గదిలో తండ్రి దేవుడి పటాలకు ఫ్రేములు కట్టి అద్దాలు బిగిస్తాడు. వెనక గదిలో తండ్రీకూతుళ్లిద్దరే ఉంటారు.

"అమ్మ రమ్మందా?"

"లేదు. వస్తానని నేనే అడిగా."

"ఓహో. అయితే ఆ చిన్న పటం తీసుకెళ్దువుగాని. అద్దం బీటలిచ్చింది, రేపు పొద్దున్నే మార్చి..."

"మాట మార్చకు నాన్నా."

"మాట కాదే, అద్దం మారుస్తానంటున్నా."

"ఇవాళ దీపం దగ్గర కథ వద్దు. ఒకటి అడుగుతా, నిజం చెప్పు. అబద్ధం ఆడకూడదని నేర్పింది నువ్వే."

"నేర్పినవాడికి కాస్త మినహాయింపు ఉంటుందిలే."

"ధ్రువుడి కథ నీకెవరు చెప్పారు?"

"ఎవరేంటి, అందరికీ తెలిసిందేగా. సవతి తల్లి వాణ్ణి తండ్రి ఒళ్లో కూర్చోనివ్వలేదు. వాడు తపస్సుకి అడవికి పోయాడు. వెనకాలే వాళ్ల నాన్న వెళ్లి, ఆ పక్క చెట్టు కింద కాపలా..."

"వెళ్లలేదు."

"ఎవరు?"

"వాళ్ల నాన్న. ఇంట్లోనే ఉండి ఏడ్చాడు. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడే నా స్నేహితురాలి నాయనమ్మ చెప్పింది."

"అయ్యుండొచ్చు. నేను విన్నది సగమే. తక్కింది అతికించా. పసివాణ్ణి అడవిలో ఒక్కణ్ణీ ఎలా వదిలెయ్యను చెప్పు?"

"మరి శ్లోకాలు?"

"ఎదురింటి మామ్మగారు. పొద్దున ఆవిడ చెప్పేది, మేకులు కొట్టుకుంటూ నేను బట్టీ పట్టేవాణ్ణి, సాయంత్రం నీకు చెప్పేవాణ్ణి. ఒక్కోసారి మధ్యలో మర్చిపోయి..."

"గోవిందా అని దండం పెట్టేసేవాడివి."

"కనిపెట్టావూ?"

"అంటే నీకేమీ రాదు. రానివన్నీ నాకెందుకు నేర్పావు?"

"పిల్లకి నాలుగు మంచి ముక్కలు అబ్బుతాయని. పెద్దల్ని గౌరవించడం, ఉన్నదాంట్లో ఒకరికి పెట్టడం..."

"నాన్నా."

"ఊఁ."

"నిజం."

"మీ అమ్మ వెళ్లిపోయాక నీతో ఏం మాట్లాడాలో తెలిసేది కాదే. జడ వెయ్యడం రాదు. పాట రాదు. ఎత్తుకుంటే ఏడ్చేదానివి. ఒక్క ఈ దీపం వెలిగిస్తే మాత్రం నీ అంతట నువ్వే వచ్చి నా మోకాలికి ఆనుకుని కూర్చునేదానివి. అది చాలనుకున్నా."

"మరి దేవుడు?"

"ఆయన సంగతి ఆయనకే ఎరుక. నాకంత దూరం తెలీదు."

"కళ్లు మూసుకునేవాడివిగా! నేను ఒక కన్ను తెరిచి చూసేదాన్ని. పెదవులు కూడా కదిలేవి, చాలాసేపు. ఏం అడిగేవాడివి?"

"నవ్వకూడదు మరి."

"నవ్వను."

"మర్నాడు కొయ్యాల్సిన అద్దాల కొలతలు. పొడుగింత, వెడల్పింత అని లోపల చదువుకునేవాణ్ణి... చూశావా, నవ్వుతున్నావు. కాదా? అమ్మడూ, ఏడుస్తున్నావా? ఏమైందిరా?"

"ఏం లేదు."

"చెప్పవే. కొలతలంటే కోపమొచ్చిందా?"

"అమ్మ తిరిగి రావాలని అడుగుతున్నావనుకున్నా నాన్నా. ఇద్దరం కలిసి అడుగుతున్నాంగా, ఇవాళ కాకపోతే రేపైనా వింటాడనుకున్నా. ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే అడిగానా?"