దోర్నాల సెంటర్లో పలక

పెద్దదోర్నాలలో శ్రీశైలం రోడ్డు మలుపు దగ్గర, లీదియమ్మ టిఫిన్ హోటలు ముందరి అరుగు. మార్కాపురంలో బెల్లం దుకాణం నడిపే ఫణికృష్ణ కారు దిగివచ్చి, అరుగు మీద కూర్చున్న తమ్ముడు కోటేశ్వర్లు ముందు నిలబడి అప్పటికే పది నిమిషాలయింది.

"లే అంటున్నా కదా. లేచి కారెక్కు."

"కూర్చో అన్నా. ఎండలో నిలబడితే నీకు తలనొప్పి వస్తది. లీదియమ్మా, మా అన్నకొక టీ. చక్కెర వెయ్యాకు."

"టీ లేదు గీ లేదు. ముందు లే."

"ఆ కర్రలు ఇట్లందియ్యి, లేస్తా."

"ఎక్కడుండాయి కర్రలు?"

"నీ కాళ్ళకాడే ఉండాయి. ఇంతసేపూ లే లే అంటివి, వాటిని చూడనే లేదు నువ్వు."

"మాటలు బాగా నేర్చినావు. గిరిధర్ చెప్పినప్పుడు నేను నమ్మలా కోటీ. మనెదురు దుకాణం గిరిధర్. నిన్న పెళ్ళిలో, బంతిలో కూచున్నప్పుడు, నలుగురు వింటా ఉండంగా అన్నాడ్రా. 'ఫణీ, మీ కోటి దోర్నాలలో అడుక్కుంటున్నాడంట గదా, ఇంట్లో ఏమన్నా ఇబ్బందా?' అని. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపాయె నాకు."

"నేను అడుక్కోవడంలా."

"మరేంది ఇది? ఒళ్ళో ఆ పలకేంది? దాని మీద ఆ చిల్లరేంది?"

"వాళ్ళే వేసిపోయినారు. నేనడగలా."

"అడగకుండా ఎవరన్నా వేస్తారా?"

"వేస్తారన్నా. కాలు లేనోడు అరుగు మీద కనపడితే చాలు, వేస్తారు."

"ఛీ, ఆ మాట నా ముందర అనాక. చెన్నకేశవస్వామి గుడికాడ భజన అని చెప్పి ఇల్లు కదిలేది నువ్వు! పొద్దున్నే స్నానం, బొట్టు, సంచి. నేనేమో మీ వదినతో, పోనీలే, వీడికి దేవుని మీదన్నా మనసు కుదిరింది అంటిని. పాపం ఆ ఉషారాణి కూడా అదే నమ్మి కూచున్నది."

"ఉషకు తెలుసు."

"తెలుసా! నీ పెండ్లానికి తెలుసా ఇది?"

"సగం తెలుసు. ఇక్కడికి వస్తానని తెలుసు. బస్సులు చెప్తానని తెలుసు. నీకు భయపడి భజన అంటాది. ఈ చిల్లర సంగతి మాత్రం తెలీదు. చెప్పలేకపోయినా."

"బస్సులు చెప్పేదేంది?"

"పలక చదువన్నా."

"పలక నేను చదివేదేంది?"

"చదువు. చిల్లర పక్కకు జరిపి చదువు."

"శ్రీశైలం... మార్కాపురం... ఆత్మకూరు... గిద్దలూరు... అడవిలో గేటు మూసే వేళ... అన్నీ బస్సుల టైములేనే. కింద ఈ గుండ్రాలేంది?"

"కన్నడం. కొండకు పోయేవాళ్ళలో ఆ పక్కోళ్ళు ఎంతమంది! వాళ్ళకు మన బోర్డులు అర్థం కావు. రాయచూరు పంతులొకాయన బస్సు కోసం కూచొని ఒక కాగితం మీద రాసిచ్చినాడు. దాన్ని చూసి దిద్దుకున్నా. నెలరోజులు పట్టింది. ఇప్పుడు కాగితం లేకుండా రాస్తా."

"యాభై ఏండ్లొస్తా ఉంటే పలకా బలపం పట్టినావా!"

"పట్టినా. నవ్వేదుంటే నవ్వు."

"నవ్వేటట్టు ఉందా నా మొహం? ఎవరు పెట్టమన్నార్రా నిన్ను ఈ పనికి?"

"ఎవరూ పెట్టలా. శివరాత్రికి ముందర ఒకరోజు, ఊరికే శ్రీశైలం పోయొద్దామని బస్సెక్కినా. పాసుంది గదా నాకు. ఇక్కడ దిగి ఇంకో బస్సు ఎక్కాల. ఆ తోపులాటలో ఎక్కలేక ఈ అరుగు మీద కూలబడినా. ఒక ముసలాయన వచ్చి దర్శికి ఎట్ల పోవాల నాయనా అన్నాడు. నాకు తెలీదా? ఇరవై ఏండ్లు మన దుకాణం ఆర్డర్ల కోసం మోపెడు మీద తిరిగినోణ్ణి. ఏ రోడ్డు ఏ రోడ్లో కలుస్తాదో, ఏ బస్సు ఎక్కడ ఆపుతాడో కండ్లు మూసుకొని చెప్తా. చెప్పినా. ఆయన ఇంకొకర్ని పంపించినాడు. వాళ్ళు ఇంకొకర్ని. తలెత్తి చూస్తే పొద్దుగూకతాంది. కొనకనమిట్ల కాడ లారీ గుద్ది మూడేండ్లాయె. ఈ మూడేండ్లలో పొద్దెట్ల పోయిందో తెలీకుండా పోయిన రోజు అదొక్కటేనన్నా."

"ఇంట్లో ఏం తక్కువైంది నీకు? టీవీ లేదా? పోయినేడే కదా సెల్లు కొనిచ్చింది?"

"అన్నీ ఉండాయి. ఒకటో తేదీ పింఛను కూడా ఇంటికే వచ్చి ఇస్తారు. ఆ ఒకటో తేదీ పోతే మళ్ళా ఒకటో తేదీ దాకా మంచం. ఏ పూటా ఎవరూ నన్నేం అడగరు, అన్నం తిన్నావా అని తప్ప."

"నాయనా, ఓ నాయనా! ఆత్మకూరు బస్సు పోయినాదా?"

"ఇప్పుడే కదిలిందవ్వా. ఎందుకట్ల వణకతావు? కూర్చో."

"మావోళ్ళు అందులోనే ఉండారు నాయనా. నా కొడుకు, కోడలు. నీళ్ళు పట్టకొద్దామని దిగితి. నేనెక్కినాననుకొని పోయినట్టుండారు."

"భయపడాకు. కొడుకు ఫోన్ నంబరుందా?"

"ఈ సంచిలో చీటీ ఉండాది. నాకు చదువు రాదు."

"ఇటియ్యి... హలో, ఆనందేనా? దోర్నాల సెంటరు నుంచి మాట్లాడతాండా. మీయమ్మ నాకాడ ఉంది. ఏడవాకబ్బా, బాగుంది. బస్సు ఎందాక పోయింది? చెక్‌పోస్టు కాడ ఆగిందా? అట్లే ఆపించు, డ్రైవరుకు నేను చెప్పినానని చెప్పు, అరుగు మీది కోటన్న అంటే తెలుస్తది. ఆటోలో పంపిస్తా. ఏబేలూ, ఆటో తియ్యి! ఈ అవ్వను చెక్‌పోస్టు కాడ బస్సెక్కించి రా, పో. పో అవ్వా, నీ కొడుకు కాసుకొని ఉంటాడు."

"నీ కడుపు చల్లగుండ నాయనా. ఇదుంచుకో."

"వద్దవ్వా."

"కాదనాకు నాయనా. కొండకు పోయొస్తాండా, చేతిలోది పెట్టకుండా పోతే నాకు నిద్రపట్టదు. ఇదో, పలక మీద పెట్టినా."

"చూసినావా! నా కండ్ల ముందరే! చూసినావా కోటీ?"

"నువ్వేం చూసినావు అన్నా? ఆ తల్లికి కొడుకు దొరికింది చూసినావా, రూపాయి బిళ్ళ చూసినావా?"

"నాకు బిళ్ళే కనపడింది. ఊరికి కూడా అదే కనపడతాది."

"అదిగో, ఆ డబ్బాలో వేస్తా. నిండినప్పుడల్లా కొండకు పోయేవాళ్ళ చేతికిచ్చి హుండీలో వేయిస్తా. ఒక్క బిళ్ళ కూడా జేబులో వేసుకోలా. లీదియమ్మనడుగు."

"ఎందుకడగాల? హోటలు వాళ్ళ సాక్ష్యం తెచ్చుకొని బతికే గతి పట్టలేదు మనకి. సిగ్గనేది ఉండాల్రా మనిషికి."

"లేదనుకుంటివా? ఈ పలక మీద బిళ్ళ పడితే టకీమంటాది అన్నా. ఆ చప్పుడుకు నా చెవులు కాలిపోతాయి. ఆ రోజు ఇంటికి పోయి ఉష మొహం చూడలేను, గోడ పక్కకు తిరిగి పండుకుంటా. రేపట్నుంచి పోనే పోను అనుకుంటా. తెల్లారితే మళ్ళా ఫస్టు బస్సుకు రెడీ అయితా. సిగ్గుతో వస్తాండా, సిగ్గు లేక కాదు."

"అంత సిగ్గుపడతా ఎందుకు రావాల? మన దుకాణంలో కూర్చోవచ్చు గదా? ఎవరొద్దన్నారు?"

"లీదియమ్మా, ఆ టీ ఏమాయె?"

"టీ సంగతి కాదు నేనడిగేది. నిన్ను దుకాణానికి రావద్దని ఎవరన్నా అన్నారా?"

"పోనీలే అన్నా."

"పోనీలే ఏంది? చెప్పు."

"బోణీ అయినాక రమ్మన్నావు."

"అది..."

"'పొద్దున్నే గల్లా కాడ నువ్వు కూచుంటే వచ్చినోళ్ళు నీ కాలు చూసి, అయ్యో అయ్యో అనుకుంటా ఏమీ కొనకుండా పోతాండారు, బోణీ అయినాక రా కోటీ' అంటివి. సరేలెమ్మని బోణీ అయినాకే వచ్చినా. అప్పుడు వెనక బెల్లం బుట్టలకాడ కుర్చీ వేయించినావు."

"ఫ్యాను అక్కడ ఉందని వేయించినా."

"ఫ్యాను ముందర కూడా ఉందన్నా."

"నేనేదో మాటవరసకంటే నువ్వు లోపల పెట్టుకున్నావా? యాపారమన్నాక సవాలక్ష పట్టింపులుంటాయి. నాయన ఉన్నప్పట్నుంచీ ఉన్నయ్యే గదా."

"నాయన ఉన్నప్పుడు నాకు రెండు కాళ్ళుండె."

"ఏం మాట్లాడమంటావురా నన్ను? తప్పయిపోయింది అనమంటావా? అంటా. రేపట్నుంచి దుకాణంలోనే కూచో. ముందరే కూచో. గల్లా నువ్వే చూసుకో. ఈ అరుగు మాత్రం వద్దు."

"వద్దన్నా."

"ఇంకేం కావాలిరా నీకు!"

"అక్కడ కూచుంటే నీ తమ్ముణ్ణి. కాలు లేని తమ్ముణ్ణి. ఇక్కడ అరుగు మీది కోటన్నను. డ్రైవర్లు హారను కొట్టి పలకరిస్తారు. నేనొక రోజు రాకపోతే ఏమాయె అని అడుగుతారు. దుకాణంలో నేను రాకపోతే నువ్వడిగినావా?"

"పాసు ఇటియ్యి."

"ఏంది?"

"బస్సు పాసు ఇయ్యి. అది నా దగ్గర ఉంటాది. భజనల్లేవు, బస్సుల్లేవు. గుమ్మం దాటితే అప్పుడు చెప్తా."

"ఇయ్యను."

"ఇయ్యిరా!"

"చెయ్యి వదలన్నా. జేబు చినిగిపోతాది. అన్నా, జనం చూస్తాండారు!"

"శెట్టిగారూ, ఆయన చెయ్యి వదలండి. పడిపోతాడు. మీకు దండం పెడతాను, వదలండి."

"మా ఇంటి విషయంలో మీరు రావద్దమ్మా."

"మీ ఇంటి విషయమనే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నానండీ. అసలు ఆ మొదటి బిళ్ళ..."

"లీదియమ్మా! లోపలికి పో తల్లీ. నీకు పుణ్యముంటాది, పో."

"ఏంది మొదటి బిళ్ళ?"

"ఏం లేదు."

"ఏం లేకుండా ఆమె నోరెందుకు మూయించినావు? సరిగ్గా అడుగుతాండా కోటీ. మొదట ఎవడు వేసినాడు? అప్పుడే వాడి మొహాన విసిరికొట్టింటే రెండోవాడు వేసేవాడు కాదు. వాడే దీనికంతటికీ మూలం."

"విసిరికొట్టలేకపోయినా."

"ఎందుకు?"

"తెలిసినాయన."

"తెలిసినోడా! ఎక్కడోడు?"

"మనూరే."

"మార్కాపురమోడు నీ మొహం చూసి బిచ్చం వేసినాడా!"

"మొహం చూడలా. కొండ నుంచి వస్తా కారాపి, ఈ అరుగు మీద వరసగా కూచున్నోళ్ళందరికీ తలొకటి వేసుకుంటా వచ్చినాడు. నేను ఆ వరసలో ఎండకు తలమీద తువ్వాలేసుకొని కూచోనున్నా. పలక రాయడం అదే మొదటిరోజు. ఆయన పలక చూసినాడు, చదవలా. కాలు చూసినాడు. ముందుకు పోయినాడు."

"నోరు లేదా నీకు? నేను ఫలానా అని చెప్పొద్దా?"

"తువ్వాలు మొహం మీదికి లాక్కున్నా. దేవుడా, గుర్తుపట్టకుండా పోతే చాలు అనుకున్నా. ఆయన గుర్తుపట్టకుండానే పోయినాడు. కారు మలుపు తిరిగినాక ఏడుపొచ్చింది. నన్ను గుర్తుపట్టలేదే అని."

"వాని పేరు చెప్పు. ఈ రోజే పోయి వాని ఇంటి ముందర నిలబడి అడుగుతా. మా కోటిగాణ్ణి బిచ్చగాణ్ణి చేసినావేరా అని అడుగుతా."

"వద్దు. ఆయన చెడ్డోడు కాదు."

"ఎవడో చెప్పమంటున్నా కదా!"

"ఇంటికి పోదాం పద. ఇదో, పాసు కూడా తీసుకో. రేపట్నుంచి రాను. ఆ పేరొక్కటి అడగాకు."

"నీ పాసు నాకొద్దు. పేరు చెప్పేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

"నువ్వేనన్నా. శివరాత్రి మర్నాడు. బిళ్ళ నా పలక మీద పెట్టి, కండ్లు మూసుకొని దండం పెట్టుకొని, 'మా తమ్ముడు కోటి పేరు మీద' అంటివి."