మరిది నిలబెట్టిన విమానం

మరిది నోరు తెరిచాడంటే చేతిలో టీ చల్లారాల్సిందే. మైదానం పక్క టీకొట్టులో బల్ల మీద కూర్చుని వదిన వింటోంది. రిమోటుతో ఎగిరే చిన్న విమానాన్ని ఇంతవరకూ ఆమె పక్కనుంటేనే ఎగరేశాడతను. ఇవాళ ఒంటరిగా ఎగరేస్తానంటున్నాడు. వంటకీ ఉద్యోగానికీ మధ్య దొరికిన సందుల్లో, ఒక్కో రెక్కా జిగురుపెట్టి ఆమె కట్టుకున్న విమానం అది. అయినా సరేనందామనే ఉంది ఆమెకి. ఎన్నాళ్లని పక్కన నిలబడుతుంది?

"పెద్ద పనేం కాదు పిన్నీ," అన్నాడు కొట్టావిడతో. "మొన్న విమానం మరీ నిదానించి, రెక్కలకి గాలి చాలక కూలబడబోయింది. సరిచేశాను, అంతే."

"అంతేనా?" అంది పిన్ని, పొంగుతున్న పాల మీదే కన్నేసి.

"అంతే అంటే మరీ అంతే కాదనుకో, ఒక పక్కకి ఒరిగి గిరికీలు మొదలెట్టింది, బొంగరంలాగ, ఛ, బొంగరమెంత దాని ముందు, ఆ విసురుకి మైదానంలో గడ్డి మొత్తం ఒకవైపుకి పడుకుంది, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కూలింది," అన్నాడు పక్క షెడ్డు మెకానిక్.

"నేనుండగానా! కిందికి, ఇంకా కిందికి, గడ్డిలో చీమలు తలలొంచుకున్నాయంటే నమ్ము, మా వదినకైతే నోట మాట లేదు, పాపం ఆడమనిషి కదా, నేను మాత్రం రిమోటు స్టిక్కు పట్టుకుని పొట్టలోకి లాగాను చూడూ, ఆగింది! గాల్లో, నిలువునా! ఆగి, ఏం సెలవన్నట్టు తోకూపింది. పైకి పొమ్మన్నాను. పోయి మబ్బుకి చిల్లు పెట్టింది. నాలుగు చినుకులు కూడా రాలాయి!"

"నేనారేసిన చీర అందుకే తడిసిందన్నమాట," అంది పిన్ని.

వదిన గ్లాసు కింద పెట్టింది. చీమల్నీ చినుకుల్నీ ఆమె పట్టించుకోలేదు. భయపెట్టింది వేరే మాట.

"స్టిక్కు ఎటు లాగావు?"

"నావైపే వదినా. పైకి లేవాలంటే అటేగా!"

"అలా లాగితే ముక్కు ఇంకా పైకెత్తుతుంది, రెక్కకి గాలి అసలు దొరకదు. వదిలేస్తే ముక్కు దించుకుని దానంతటదే తేరుకునే విమానం అది."

"మరి లేచిందిగా?"

"అది తేరుకున్నాక లేపింది నేను. నీ రిమోటు నా రిమోటుకి తీగతో కలిపి ఉంది బాబూ. నేను బటన్ నొక్కి ఉంచినంతసేపే విమానం నీ మాట వింటుంది. గిరికీ మొదలవగానే బటన్ వదిలేశాను. ఆ తర్వాత నువ్వు పొట్టలోకి లాగింది ఉత్త ప్లాస్టిక్ డబ్బా."

మెకానిక్‌కి టీ ముక్కులోకెక్కింది.

"అప్పుడే చెప్పొచ్చుగా!" అన్నాడు మరిది.

"వదిలెయ్, వదిలెయ్ అని గొంతు చించుకున్నాను. నీకు వినపడితేగా."

మరిది చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "అయితే ఇవాళ ఒంటరిగా..." అన్నాడు, గొంతు తగ్గించి.

"ఇవాళ బాగా ఎత్తుకి తీసుకెళ్లి నేనే కావాలని గిరికీలో పడేస్తాను," అంది వదిన లేస్తూ. "నువ్వు చేతులు వెనక్కి కట్టుకుని చూడు. మగాడు చెయ్యి వెయ్యకపోయినా లోకం ఎలా తేరుకుంటుందో ముందు నేర్చుకో."