దండ తీసి చెప్పిన గుండె పాఠం

ఈ సన్మాన సభకు వచ్చిన అమ్మలారా, అయ్యలారా, కుర్చీలు కాస్త ముందుకు లాక్కోండి, గుసగుసలు కట్టిపెట్టండి. వెనక వరుసకు కూడా కేసరి మిగులుతుంది గాని ఈ ముచ్చట మిగలదు! 1989 జులై మూడో తేదీన శ్రీమతి పెరుందేవి గారు పలమనేరు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్ర ఉపాధ్యాయురాలిగా బాధ్యతలు స్వీకరించారు. నోటి మాట గడ్డకట్టే ఆ ఊరి చలిలో ఆమె "సైలెన్స్!" అంటే, బెంగళూరు బస్సుల డ్రైవర్లు తమనే ఆపమన్నారనుకొని బ్రేకులు వేసేవారట.

తరువాత బదిలీపై సత్యవేడులోని మన బడికి విచ్చేసిన పెరుందేవి గారు సుద్దముక్కతో గుండె బొమ్మ గీస్తే, ముందు వరుస పిల్లలకు అది కొట్టుకోవడం వినిపించేదని ప్రతీతి. అందుకే ఇక్కడికి డిజిటల్ బోర్డు వచ్చినప్పుడు ఆమెకు లోలోపల నచ్చలేదు. అయినా కొత్త వస్తువును పూజ లేకుండా ముట్టడం వారి ఇంటావంటా లేదు. కొబ్బరికాయ కొట్టి, స్వహస్తాలతో కట్టిన బారెడు చామంతి దండ బోర్డుకు వేసి, శుక్రవారం దాకా ఎవరూ తీయరాదని కట్టడి చేశారు.

"ఇది పిల్లోళ్లకు పనికొస్తాదో రాదో ఎవురో చెప్పేదేంది? మనమే తేల్చుకుందాం" అని పెరుందేవి గారు పరిశోధనకు ఉపక్రమించారు. పదో తరగతి ఏ సెక్షనుకు గుండె పాఠం బోర్డు మీద, బీ సెక్షనుకు సుద్దముక్కతో చెప్పి, రెండింటికీ ఒకే పరీక్ష పెట్టారు. అబ్బబ్బ, ఏమి చోద్యం! బోర్డు మీద రక్తం గుండెలో అడుగు పెట్టేలోగా పేజీ దానంతట అదే తిరిగి మూత్రపిండాలు ప్రత్యక్షం. అవేమిటో చూసేలోగా కప్ప బొమ్మ!

"పెట్టెకు పూనకమొచ్చిందప్పా, యాపమండలు తెండి!" అన్నాడు గేటు దగ్గర జామకాయలమ్మే మునస్వామి, కిటికీలోంచి తొంగి చూసి.

పరీక్షలో బీ సెక్షను విజయదుందుభి మోగించింది. ప్రధానోపాధ్యాయులు యోగానంద గారు నివేదిక ముందు పెట్టి, "మీరనుకున్నట్టే అయింది గదమ్మా! సంతకం పెట్టండి, రేపే ఈ బోర్డును వేరే బడికి పంపించేస్తాం" అన్నారు. గెలిచిన సంబరంతో పెరుందేవి గారు కలం అందుకున్నారు.

అంతలో బీ సెక్షను నందిని గుమ్మంలో నిలబడింది. "మేడం, మా వంతు రానే లేదు. గుండెలో కవాటాలు ఎట్లా మూసుకుంటాయో ఒక్కసారి సూపిచ్చండి, పంపించేసే ముందర."

సరేనని యోగానంద గారితో సహా తరగతికి వెళ్లి బోర్డు వేశారు. ఫ్యాను తిరిగింది; దండ ఊగింది; చామంతి తెరను తాకింది; వేలు తాకిందనుకొని బోర్డు పేజీ తిప్పేసింది; కప్ప వచ్చేసింది! మళ్లీ ఊగింది, మళ్లీ పేజీ తిరిగింది. పెరుందేవి గారు కలానికి మూత పెట్టేశారు.

"సార్, బోర్డు ఓడలేదు. నా దండ ఓడించింది. సంతకం పెట్టను."

"శుక్రవారం కాలేదే, దండ తీస్తారా?"

"దేవుడికి నేను చెప్పుకుంటా లెండి. ఈ పిల్లకేం చెప్పేది?"

తన చేతులతోనే దండ తీశారు. ఆ పూట నందిని కవాటాలు కళ్లారా చూసింది. ఆపై ఊపిరితిత్తుల పాఠంతో, సెక్షన్లు తారుమారు చేసి, పరిశోధన మళ్లీ మొదటి నుంచి చేశారు. లోపలి కదలిక అర్థం చేసుకోవడంలో బోర్డు గెలిచింది. బొమ్మ గీసి భాగాలు గుర్తుంచుకోవడంలో సుద్దముక్క గెలిచింది. తిరుపతి ఉపాధ్యాయ సదస్సులో ఆమె ముందు దండ కథ చెప్పి, తరువాతే ఫలితాలు చెప్పారు. సభ నవ్వి నవ్వి, ఆపైన లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. బోర్డు మన బడిలోనే ఉండిపోయింది.

అట్టి పెరుందేవి గారు ఇకమీదట మోకాళ్లు మొరాయించక, గుండె కవాటాలు నందిని చూసినంత చక్కగా తెరుచుకుంటూ మూసుకుంటూ, మనుమల మనుమలకు కూడా పాఠం చెప్పేంత ఆయుష్షుతో, ఆరోగ్యంతో వర్ధిల్లాలని మనసారా కోరుకుందాం. మొన్న సన్మానపు దండ కొలత చూద్దామని ఆమె మెడ దగ్గర పెట్టగానే, కిటికీలోంచి మునస్వామి కేక వేయనే వేశాడు:

"ఎయ్యొద్దబ్బా, ఎయ్యొద్దు! మేడం ఒక్క ఊపు ఊగిందంటే కప్ప వచ్చేస్తాది!"